డాలు దించిన ఆదివారం

అక్క పని దుప్పట్లు మడతపెట్టడం.

ఊరి చివర పెద్ద లాండ్రీ ఉంది. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు, హాస్టళ్ళ దుప్పట్లు అన్నీ అక్కడికే వస్తాయి. ఉతికినవి తడితడిగా వేడి రోలర్ల కిందకి పోయి, అవతల వైపు నుంచి చెయ్యి కాలేంత వేడిగా బయటికొస్తాయి. ఈ చెంగులు అక్క, ఆ చెంగులు ఇంకొకావిడ పట్టుకుని, దగ్గరికొచ్చి, దూరం జరిగి, మళ్ళీ దగ్గరికొచ్చి మడతపెడతారు. దూరం నుంచి చూస్తే ఇద్దరూ ఏదో పాటకి ఆడుతున్నట్టే ఉంటుంది. దగ్గరికెళ్ళి చూస్తే ఇద్దరికీ కళ్ళు మూతలు పడుతూ ఉంటాయి.

ఇంట్లో తమ్ముడు ఆమెను అక్క అంటాడు. వాడు అంటున్నాడు కదా అని పిన్ని కూడా "అక్కకి టీ ఇచ్చావా?" అంటుంది. వీధివాళ్ళకీ అక్కే. కాబట్టి మనం కూడా అక్క అనే అనుకుందాం.

సాయంత్రం పని దిగి అక్క బస్సెక్కుతుంది. డ్రైవరు వెనకున్న కిటికీ సీటు ఆమెది. ఎక్కీ ఎక్కగానే తల కిటికీకి ఆనించి నిద్రపోతుంది. వాళ్ళ వీధి దగ్గరికి రాగానే బస్సు మెత్తగా ఆగుతుంది. హారన్ రెండుసార్లు చిన్నగా మోగుతుంది, ఎవరో పెద్దమనిషి గొంతు సవరించుకున్నట్టు. ఆమె ఉలిక్కిపడి లేచి దిగిపోతుంది. ఆ హారన్ ఎవరి కోసమో బస్సులో రోజూ వెళ్ళేవాళ్ళందరికీ తెలుసు. ఆమెకే తెలియదు. నిద్రలో ఉంటుంది కదా మరి.

ఆ బస్సులో స్టీరింగు ముందు, అద్దానికి ఆనుకుని, వేలెడంత బొమ్మ ఒకటి నిలబడి ఉంటుంది. పెద్ద డాలు ముందుకు పట్టుకున్న మనిషి. అక్క పని చేసే చోట, రోలర్ల పక్కన వెచ్చగా ఉండే కిటికీ గట్టు మీద, అంతే ఎత్తు బొమ్మ ఇంకోటి ఉంటుంది. నెత్తి మీద మందుల కుండ పెట్టుకున్న ఆవిడ. ఆ రెండూ ఒకే పెట్టెలోవి.

ఆ పెట్టె తెచ్చింది తమ్ముడు. వాడిది లిఫ్టులు బాగుచేసే పని. ఆటవస్తువుల దుకాణంలో లిఫ్టు బాగుచేయడానికి వెళ్ళి, పై అరలో ఉన్న ఆ పెట్టెను చూసి మనసు పారేసుకున్నాడు. పాలవాడి డబ్బా అంత బరువుంది. లోపల మడతలు విప్పే బోర్డు, దాని నిండా తేనెపట్టులాంటి గడులు, కట్టలు కట్టలు కార్డులు, నాలుగు బొమ్మలు, ఎదురుపడే రాక్షసులు, కోటలు, అడవులు. ఒక్క రోజులో అయిపోయే ఆట కాదు. సీరియల్ లాగా ఒక ఘట్టం గెలిస్తే ఇంకో ఘట్టం తెరుచుకుంటుంది. నలుగురూ ఒకే పక్షం. గెలిస్తే నలుగురూ గెలుస్తారు, ఓడితే నలుగురూ ఓడతారు.

దుకాణం ఆయన పెట్టె చేతికిస్తూ జాగ్రత్తలు చెప్పాడు.

"వారానికి ఒక్కసారి మించి ఆడకండి. బొమ్మలు అలిసిపోతాయి. ఆట అయ్యాక పెట్టెలో పడేసి మూత పెట్టకండి, ఎవరి బొమ్మని వాళ్ళు తీసుకెళ్ళి కాస్త ఎండా గాలీ తగిలేచోట పెట్టుకోండి."

"అలాగేనండీ," అన్నాడు తమ్ముడు, తడి చేత్తో స్విచ్చు ముట్టుకోవద్దని చెప్తే అన్నట్టు.

అలా ఆదివారం మధ్యాహ్నాలు మొదలయ్యాయి. తమ్ముడు కత్తి వీరుడు. అక్క మందులావిడ. అమ్మ పోయినప్పటి నుంచీ వాళ్ళతోనే ఉంటూ ఇంట్లోనే బట్టలు కుట్టే పిన్ని, విలుకత్తె. నాలుగో మనిషి కావాల్సొచ్చి తమ్ముడు తన స్నేహితుణ్ణి పిలుచుకొచ్చాడు. వాళ్ళ రూటులో బస్సు నడిపే డ్రైవరు. అతను డాలు మనిషి.

డ్రైవరుది పెద్ద గొంతు. "లోపలికి జరగండి, మెట్ల మీద నిలబడకండి" అని పొద్దస్తమానం ఇంజను మీదుగా అరిచి అరిచి, మామూలుగా మాట్లాడటం మర్చిపోయాడు. మంచినీళ్ళు అడిగినా పక్కింటివాళ్ళు తెచ్చిచ్చేలా అడుగుతాడు. అందుకే అక్క ముందు అసలు మాట్లాడేవాడు కాదు. అరవకూడదు, మెల్లగా మాట్లాడటం రాదు, ఇంక ఏం చేస్తాడు!

ఆట ఇలా ఉంటుంది. ఒక్కొక్కరి చేతిలో గుప్పెడు కార్డులు. వంతు వచ్చినప్పుడల్లా రెండు దించాలి, ఒకటే ఉంటే ఒకటి. ఒక కార్డు బొమ్మని నడిపిస్తుంది, ఒకటి కొట్టిస్తుంది, ఒకటి మందు వేస్తుంది. దించినవి పక్కకి పోతాయి. చెయ్యి ఖాళీ అయ్యాక "కాసేపు కూర్చుంటా" అనాలి. అప్పుడు పక్కన పడ్డవన్నీ తిరిగి చేతికొస్తాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఆ యుద్ధం అయ్యేదాకా పోయినట్టే. ఏది వదులుకోవాలో ఎవరికి వాళ్ళే తేల్చుకోవాలి. అలా కూర్చున్నప్పుడల్లా ఒకటి తగ్గుతూ తగ్గుతూ చివరికి చేతిలో ఏమీ మిగలదు. అప్పుడు ఆ బొమ్మ అలిసిపోయి ఆటలోంచి తప్పుకుంటుంది. ఈ ఆటలో శత్రువు కొట్టి చంపడం తక్కువ. అలిసిపోవడమే ఎక్కువ.

"మా లాండ్రీ లాగే ఉందిరా," అంది అక్క మొదటిరోజే.

ఇంకొక్క నియమం ఉంది. మన మీదో మనవాళ్ళ మీదో దెబ్బ పడబోతుంటే, మన చేతిలోని ఒక కార్డు పూర్తిగా వదిలేసుకుంటే ఆ దెబ్బ తప్పిపోతుంది. ఆ ఇంట్లో పక్కవాళ్ళ కోసం అలా వదిలేసేది ఎప్పుడూ అక్కే.

బొమ్మలు నిజంగానే అలిసిపోయేవి. ఆట అయ్యేసరికి కత్తి వీరుడి భుజం జారిపోయేది, విలుకత్తె మోకాళ్ళు కాస్త వంగేవి. చెవి దగ్గర పెట్టుకుంటే ఊపిరి వినపడేది. పిన్ని మిగిలిన గుడ్డముక్కలతో నాలుగు పరుపులు కుట్టి, ఎవరిది వాళ్ళకిచ్చింది. డ్రైవరు పరుపుకి నీలం అంచు వేసింది, బస్సు రంగు అని. డాలు మనిషి మాత్రం ఏనాడూ పడుకునేవాడు కాదు. ఎంత అలిసినా డాలు ముందుకు పట్టుకుని నిలబడే కునుకు తీసేవాడు. డ్రైవరు కూడా భోజనాల వేళ స్టీరింగు మీద అలాగే కునుకు తీస్తాడని తమ్ముడు చెప్పేవాడు. ఇది విని అక్కకి ఆ ఇద్దరి మీదా ఒకేలాంటి జాలి వేసేది. జాలి అని ఆమె అనుకునేది. మనం కాదనడం ఎందుకు?

చివరి ఘట్టం బూడిద దొర కోట. ఆ కోట తలుపు దాటి, బూడిద దొరని పడగొడితే మొత్తం కథ అయిపోయినట్టే. ఆ ఘట్టం దగ్గరే బండి ఆగిపోయింది.

ఎందుకు ఆగిపోయిందంటే, ఒక ఆదివారం పిన్ని కార్డులు పంచుతూ ఊరికే అడిగింది.

"ఏం బాబూ, డిపోలో ఏదో మారుస్తున్నారటగా?"

"అవునండీ!" అన్నాడు డ్రైవరు. గాజు గ్లాసు ఒకటి గలగలమంది. అతను గొంతు తగ్గించుకోబోయి, తగ్గక, అలాగే కానిచ్చాడు. "కొండల అవతలి రూటు నాకిస్తామంటున్నారు. దూరం బండి. అక్కడే ఉండిపోవాలి. మంచి రూటే."

"మరి ఏమన్నావు?"

"ఆట అయ్యాక చెప్తానన్నానండీ. సగంలో మా డాలు మనిషిని వదిలేసి ఎలా వెళ్ళను? డిపో ఇన్‌ఛార్జి గారు కూడా, నిజమే, సగంలో వదలకు పాపం, ముగించుకుని చెప్పు అన్నారు."

"అయితే తొందరగా ముగించేద్దాం అన్నా!" అన్నాడు తమ్ముడు. లిఫ్టులు బాగుచేసేవాడికి మనుషుల సంగతి తెలియాలని ఎక్కడుంది.

అక్క ఆ రోజు మొదటిసారి "కాసేపు కూర్చుంటా" అన్నప్పుడు, ఏ కార్డు వదులుకోవాలో చాలాసేపు చూసి, అందరికీ ఊపిరి పోసే తన పెద్ద కార్డునే వదిలేసింది. ఇంక ఆ యుద్ధం ఎలా గెలుస్తారు! ఓడిపోయారు. పై ఆదివారం కూడా అదే కార్డు వదిలేసింది. ఆ పైవారం కూడా.

ఆమెకి తెలియనిది ఏమిటంటే, డ్రైవరు కూడా ఖాళీగా లేడు. తలుపుకి అడ్డంగా నిలబడాల్సిన డాలు మనిషిని ప్రతిసారీ ఒక గడి ఇవతలే ఆపేవాడు. ఆ సందులోంచి బూడిద దొర మనుషులు బిలబిలమని లోపలికి వచ్చేసేవాళ్ళు. "అరెరె, లెక్క తప్పిందే!" అని తల పట్టుకునేవాడు. రోజుకి అన్నిసార్లు అంత పెద్ద బస్సుని సరిగ్గా స్టాపు గీత మీద ఆపేవాడికి ఒక్క గడి లెక్క తప్పుతుందా?

తమ్ముడు జుట్టు పీక్కునేవాడు. "అక్కా! మళ్ళీ అదే కార్డు వదిలావా? నువ్వు నిద్రలో ఆడుతున్నావా?"

"అలసటరా. చూసుకోలేదు."

"అన్నా, నువ్వైనా..."

"గేరు పడలేదురా తమ్ముడూ!"

పిన్ని వాళ్ళిద్దరి మధ్యా కూర్చునేది. అటు తొంగిచూస్తే అక్క చెయ్యి కనపడేది, ఇటు తొంగిచూస్తే డ్రైవరు చెయ్యి కనపడేది. తొంగిచూడటం పిన్నికి మొదట్నుంచీ అలవాటే. ఆవిడకి అన్నీ కనపడేవి. సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు పెదాలు బిగించుకుని ఊరుకునేది.

ఇలా వారాలు గడిచాయి. బొమ్మల సంగతి మాత్రం ఎవరూ ఆలోచించలేదు. గెలిచిన యుద్ధం అలసట ఒక రకం. కాస్త ఎండ చూపిస్తే తేరుకుంటాయి. ఓడిన యుద్ధమే మళ్ళీ మళ్ళీ చేయడం ఇంకో రకం. అది ఎండకి పోదు.

ఒకరోజు లాండ్రీలో దుప్పటి ఆ చెంగున ఉన్నావిడ ఆగిపోయింది.

"నీ మందులావిడ పడిపోయిందే," అంది.

అక్క వెనక్కి తిరిగి చూసింది. కిటికీ గట్టు మీద మందులావిడ పక్కకి ఒరిగిపోయి ఉంది. నెత్తి మీద ఉండాల్సిన కుండ నడుము దాకా జారింది. ఒక చెయ్యి దాన్ని పట్టుకునే ఉంది, వదలకుండా. అక్క లేపి నిలబెట్టింది. మళ్ళీ ఒరిగింది. మళ్ళీ నిలబెట్టింది. ఈసారి నిలబడింది గానీ, నడుము వెనక చెయ్యి పెట్టుకుని నిలబడింది.

అది ఎవరు నిలబడే తీరో అక్కకి తెలుసు. సాయంత్రం అయ్యేసరికి తనే రోలర్ల ముందు అలా నిలబడుతుంది.

"ఇంకెన్నాళ్ళు కొట్టిస్తావే దాన్ని?" అంది ఎదుటావిడ, చెంగులు అందిస్తూ. "ఒక్కసారి గెలిపించి వదిలెయ్యకూడదూ? మొన్న మన సూపర్‌వైజరు ఇంకొక్క లోడు, ఇంకొక్క లోడు అని నిలబెట్టేస్తే నువ్వే తిట్టావుగా వాణ్ణి."

"తిట్టాను."

"మరి?"

అక్క చెంగులు పట్టుకుని దగ్గరికెళ్ళింది, దూరం జరిగింది. ఇంకొక్క ఆదివారం, ఇంకొక్క ఆదివారం అని తనూ నిలబెట్టేస్తోంది. సూపర్‌వైజరుకైనా పైవాళ్ళ భయం ఉంది. తనకేముంది? ఒక మనిషి వచ్చి బల్లకి అటువైపు కూర్చుని, మంచినీళ్ళ కోసం ఇల్లు అదిరేలా అడగడం. అంతే. ఆ ఒక్కదాని కోసం, ఇంత బొమ్మ నడుము విరగ్గొడుతోంది.

ఆ సాయంత్రం బస్సులో నిద్ర పట్టలేదు. తల మాత్రం అలవాటుగా కిటికీకి ఆనించి కళ్ళు మూసుకుంది. ఎంతసేపటికో కొంచెం తెరిచి చూసింది. సిగ్నలు దగ్గర బస్సు ఆగి ఉంది. డ్రైవరు జేబురుమాలు తీసి, డాలు మనిషి మొహం మీద ఎండ పడకుండా అద్దానికి కట్టాడు. డాలు అంచు కింద ఆని ఉంది. చేతులు వణుకుతున్నాయి, బొమ్మవి. డ్రైవరు ఒక వేలు డాలు వెనక పెట్టి, ఎర్ర లైటు పడి ఉన్నంతసేపూ తనే మోశాడు.

తర్వాత వీధి వచ్చింది. బస్సు మెత్తగా ఆగింది. హారన్ రెండుసార్లు మోగింది. అక్క దాన్ని మెలకువగా వినడం అదే మొదటిసారి. రోడ్డు మీద అడ్డం ఎవరూ లేరు. కుక్క కూడా లేదు. అద్దంలో డ్రైవరు కళ్ళు తన వైపే చూస్తున్నాయి, లేచిందా లేదా అని.

ఆమె లేచి, దిగి, బస్సు వెళ్ళిపోయేదాకా అక్కడే నిలబడింది. ఇన్నాళ్ళూ ఆ హారనే తనని లేపుతోందని అప్పుడు తెలిసింది. తెలిసీ తెలియగానే పోగొట్టుకోవాల్సి రావడం ఎంత అన్యాయమో చూడండి. అయినా అక్క ఒక నిర్ణయానికి వచ్చేసింది. వచ్చే ఆదివారం బూడిద దొరని పడగొట్టేయాలి. ఆ రెండు బొమ్మలూ పడుకోవాలి. డ్రైవరు వెళ్తే వెళ్తాడు.

ఆదివారం డ్రైవరు వస్తూనే చెప్పాడు. "రేపు చెప్పి తీరాలట. ఇంక ఆగనంటున్నారు ఇన్‌ఛార్జి గారు."

"అయితే ఈ రోజు గెలిచేద్దాం," అంది అక్క.

డ్రైవరు ఆమె వైపు చూశాడు. తర్వాత బోర్డు మీద పెట్టిన తన బొమ్మ వైపు చూశాడు. అది డాలుని పట్టుకోవట్లేదు, డాలు మీద వేలాడుతోంది.

"గెలిచేద్దామండీ," అన్నాడు. మామూలు మనిషి గొంతుతో అన్నాడు. తమ్ముడు తలెత్తి ఎవరు మాట్లాడారా అని చూశాడు.

ఆట మొదలైంది. డాలు మనిషి ఒక్కో గడీ ఈడ్చుకుంటూ వెళ్ళి, ఈసారి సరిగ్గా తలుపులో నిలబడ్డాడు. బూడిద దొర మనుషులు వచ్చి డాలుకి కొట్టుకుని ఆగిపోయారు. అక్క "కాసేపు కూర్చుంటా" అంది. పిన్ని మెడ చాచి తొంగిచూసింది. అక్క పెద్ద కార్డు ఉంచుకుని, పనికిరాని కార్డు వదిలేసింది. పిన్ని మెడ వెనక్కి తీసుకుంది. ఒకసారి అక్కనీ, ఒకసారి డ్రైవరునీ చూసి నిట్టూర్చింది.

"ఏంటి పిన్నీ?"

"ఏం లేదు. ఆడండి. పిచ్చి మొహాలు."

"అక్కా, అన్నా, ఇవాళ ఇద్దరూ ఏం తిని వచ్చారు!" అంటున్నాడు తమ్ముడు ఆనందం పట్టలేక. వాడి కత్తి వీరుడు మెట్లెక్కేశాడు.

కానీ బూడిద దొర ఊరికే పడేవాడు కాదు. కార్డులు తగ్గుతూ వచ్చాయి. కూర్చున్నారు, లేచారు, మళ్ళీ కూర్చున్నారు. చివరికి డ్రైవరు చేతిలో ఒకటి, అక్క చేతిలో ఒకటి మిగిలాయి. అక్కది ఊపిరి పోసే పెద్ద కార్డే. దొర వంతు వచ్చింది. తమ్ముడు శత్రువు కట్టలోంచి పై కార్డు తీసి తిప్పాడు. వాడి మొహం వాడిపోయింది. పెద్ద దెబ్బ. అది డాలు మనిషి మీదే.

"అన్నా, నీ కార్డు వదిలేసినా నువ్వు అలిసిపోయి పోతావు. వదలకపోతే దెబ్బకి పోతావు. నువ్వు పోతే తలుపు పోతుంది."

"దెబ్బ నేను తీసుకుంటా," అంది అక్క. తన ఒక్క కార్డూ బల్ల మీద పెట్టేసింది.

"అది పెడితే నీ చెయ్యి ఖాళీ అక్కా! నువ్వు ఆటలోంచి పోతావు!"

"తెలుసురా."

మందులావిడ ఉన్నచోటే కింద కూర్చుంది. కుండని ఒళ్ళో పెట్టుకుంది. డ్రైవరు ఆ బొమ్మనే చూస్తూ, తన చివరి కార్డు దించాడు. ఉన్న గడిలోంచి కదలకుండా ఇంకొక్క వంతు తలుపు కాసే కార్డు అది. కాశాడు. ఆ వంతు అయిపోయింది. అతని చెయ్యి కూడా ఖాళీ.

తమ్ముడు కత్తి దూశాడు. కొట్టాడు. దొర తూలాడు గానీ పడలేదు. ఇంక వాడి దగ్గరా ఏమీ లేదు.

"అయిపోయింది," అన్నాడు తమ్ముడు ఏడుపు మొహంతో. "మళ్ళీ ఓడిపోయాం."

అప్పుడు పిన్ని కొంచెం పక్కకి జరిగి, చీర మడతల్లోంచి ఒక కార్డు తీసి బల్ల మీద పెట్టింది. నిప్పు బాణం. బూడిద దొర పొగలా పోయాడు.

"ఇది... ఇది ఎక్కడిది? ఎప్పట్నుంచి ఉంది నీ దగ్గర?"

"ఎప్పట్నుంచో ఉంది," అంది పిన్ని.

"అంటే ఇన్ని వారాలూ..."

"నువ్వు నోరు మూసుకో."

గెలిచారు. కథ మొత్తం అయిపోయింది.  గెలిచినవాళ్ళ మొహాలు అంత దిగాలుగా ఉండటం మీరెక్కడా చూసి ఉండరు. వీధిలో ఎవరిదో స్కూటరు స్టార్టవ్వక దగ్గుతోంది. అక్క లేచి టీ గ్లాసులు తీయబోయింది. తీయకుండానే మళ్ళీ కూర్చుంది. డ్రైవరు రోజూ లాగే బొమ్మని జేబులో వేసుకుందామని చెయ్యి చాచాడు. ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

తలుపు గడిలో డాలు మనిషి లేడు.

డాలు ఈడ్చుకుంటూ గడి తర్వాత గడి దాటి, మందులావిడ కూర్చున్న గడి దాకా వెళ్ళిపోయాడు. అక్కడ కాసేపు నిలబడ్డాడు.

"ఒక గడిలో ఇద్దరు ఉండకూడదు, రూలు..." అన్నాడు తమ్ముడు.

"ఆట అయిపోయిందిరా," అంది పిన్ని.

డాలు మనిషి డాలు దించాడు. పెట్టెలోంచి తీసినప్పటి నుంచీ ఏనాడూ దించనివాడు, దాన్ని మెల్లగా నేల మీద పడుకోబెట్టి, ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆవిడ కుండ పక్కన పెట్టి అతని భుజం మీద తల వాల్చింది. అతని తల ఆవిడ తల మీదకి ఒరిగింది. ఇద్దరికీ నిద్ర పట్టేసింది. బల్ల మీదకి వంగితే రెండు ఊపిరులు ఒక్కలా వినపడుతున్నాయి.

డ్రైవరు రెండు వేళ్ళతో తన బొమ్మని పట్టుకుని మెల్లగా పైకి ఎత్తాడు. రెండూ కలిసి వచ్చాయి. మళ్ళీ దించేశాడు.

తమ్ముడు పనిముట్ల సంచీలోంచి సన్న స్క్రూడ్రైవరు తీశాడు. "కింద పీటలు అతుక్కున్నట్టున్నాయి. ఇలా దూర్చి ఒక్కసారి తిప్పితే..."

"వద్దు," అంది అక్క. గుసగుసగా అంది. "లేస్తారు."

తమ్ముడు స్క్రూడ్రైవరు సంచీలో పెట్టేశాడు. చప్పుడు కాకుండా పెట్టాడు.

"మరి నేనెలా వెళ్ళను?" అన్నాడు డ్రైవరు. అది గుసగుసే. అతనికి గుసగుస వచ్చు అని అప్పటిదాకా అతనికీ తెలియదు. "వీణ్ణి వదిలేసి వెళ్ళలేను, తీసుకెళ్ళలేను."

"ఫోన్ చేసి చెప్పు బాబూ," అంది పిన్ని మెల్లగా. "రేపటిదాకా ఎందుకు?"

డ్రైవరు అక్కడే కూర్చుని, ఫోను నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుని ఇన్‌ఛార్జితో మాట్లాడాడు. అవతలి గొంతు అందరికీ వినపడుతోంది.

"ఎవరూ? ఏంటా గుసగుసలు? నీ ఫోన్‌కి ఏమైంది?"

"నేనేనండీ. మావాడు నిద్రపోయాడండీ. డాలు దించేశాడు."



"దించేశాడా!" ఇన్‌ఛార్జి గొంతు కూడా తగ్గిపోయింది. "అయ్యో పాపం. ఎన్నాళ్ళకి! అయితే లేపకు. ఆ రూటు ఇంకెవరికైనా ఇస్తాలే. నీ పాత బండి నువ్వే నడుపుకో. మధ్యలో లేపావంటే మాత్రం ఊరుకోను."

ఫోను పెట్టేశాక డ్రైవరు అక్క వైపు చూశాడు. "ఆట అయిపోయిందిగా. అయినా వీణ్ణి చూడటానికి రావచ్చాండీ, ఆదివారాలు?"

"రాకపోతే ఎలా? మీ మనిషి ఇక్కడే ఉన్నాడుగా," అంది అక్క.

పిన్ని అప్పటికే గుడ్డముక్కల మూట విప్పుకుంది. పరుపులు ఎవరివి వాళ్ళకి ఉన్నాయి గానీ, కప్పడానికి ఈసారి ఒకటే చాలు కదా. నీలం అంచు వేసి, ఒకటే దుప్పటి కుట్టింది.

బొమ్మలు లేవలేదు. బోర్డు మడవలేక, అవి ఉన్న ముక్కని మాత్రం విడదీసి కిటికీ గట్టు మీదకి చేర్చారు. ఎండాకాలం పోయి వానలు పట్టాయి. అప్పుడప్పుడూ ఒకరు కాస్త కదిలేవారు, రెండోవారు సర్దుకునేవారు. అంతే. ఇల్లంతా గుసగుసల్లోకి మారిపోయింది. కుట్టుమిషను పిన్ని వరండాలోకి మార్చుకుంది. కూరలబండివాడు కూడా ఆ ఇంటి ముందుకి రాగానే గొంతు తగ్గించి, వంకాయలు, అనేవాడు రహస్యం చెప్పినట్టు.

అందువల్ల డ్రైవరుకి మాటలొచ్చాయి. అరవడానికి వీల్లేని చోట అతనికి భయం పోయింది. ఆదివారాలు వచ్చి కిటికీ పక్క బెంచీ మీద అక్క పక్కన కూర్చుని, గంటలకొద్దీ చెప్పేవాడు. ఏ మలుపులో బస్సులోకి ఏ చెట్టు పూలవాసన వస్తుందో. ఏ ముసలాయన రోజూ చిల్లర కోసం ఎన్ని జేబులు తడుముకుంటాడో. తలుపుకి ఒక గడి ఇవతల ఎందుకు ఆగేవాడో కూడా చెప్పేశాడు. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత తన పెద్ద కార్డు సంగతి చెప్పింది. ఇద్దరూ ఒకేసారి, పాపం మనం వాటిని ఎంత ఏడిపించాం అనుకుని కిటికీ గట్టు వైపు చూశారు.

ఒక ఆదివారం అక్క చాలా అలిసి ఉంది. లాండ్రీలో వారమంతా రెండు షిఫ్టులు చేయించారు. బెంచీ మీద కూర్చుంది గానీ కళ్ళు నిలవట్లేదు. బయట వాన సన్నగా పడుతోంది. డ్రైవరు చాలాసేపు చేతులు చూసుకున్నాడు. తర్వాత ఆమె చెవి దగ్గరికి వంగి, అడగాల్సింది అడిగాడు. బస్సులో అయితే ఆ మాట ఇంజను మీదుగా అరవాలి, ఈ జన్మకి అరిచేవాడు కాదు.

"ఊఁ," అంది అక్క.

అలా అని, అతని భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. వారం వారమంతా, అసలు ఎప్పట్నుంచో దాచిపెట్టుకున్న నిద్ర. ఆ ఆదివారం అతనికి సాయంత్రం షిఫ్టు పడింది, బండి ఎక్కాల్సిన వేళయింది. డ్రైవరు కదల్లేదు. హారన్ లేదు, స్టాపు లేదు. కాసేపటికి అతని తల కూడా ఆమె తల మీదకి ఒరిగింది.

పిన్ని వచ్చి చూసి, లోపలికెళ్ళి ఫోను తీసుకుంది. ఇన్‌ఛార్జికి రెండు ముక్కలే చెప్పింది. "లేపకండి," అన్నాడట ఆయన.

వాన తగ్గాక తమ్ముడు ఎక్కడో లిఫ్టు బాగుచేసి వచ్చాడు. చంకలో కొత్త పెట్టె ఉంది, పాతదానికంటే పెద్దది. "అక్కా! అన్నా! ఇది చూడండి..." అని గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

పిన్ని వేలు పెదాల మీద పెట్టుకుని కిటికీ వైపు చూపించింది. గట్టు మీద ఇద్దరు. బెంచీ మీద ఇద్దరు.

తమ్ముడు కొత్త పెట్టెని వరండాలోనే దించి, తడిసిన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద లోపలికి వచ్చాడు.